బండి కప్పు మంచె అవుతుందా?

జొన్నచేను కంకి వేసే రోజుల్లో పొలంవైపు వెళ్ళినవారు మంచెను చూసే ఉంటారు. నాలుగు గట్టి గుంజలు భూమిలో లోతుగా పాతి, వాటిని అడ్డకర్రలతో బిగించి, పైన కర్రలు పరిచి మంచె కడతారు. దానిమీద నిలబడ్డ కాపలావాడికి చేను ఈ చివరనుంచి ఆ చివరకు కనిపిస్తుంది. ఏ మూల పిట్టలు వాలినా వడిసెల తిప్పి రాయి విసురుతాడు. చేలో నిలబడితే ఆ మనిషికి తన చుట్టూ ఉన్న నాలుగు దంట్లు తప్ప మరేమీ కనిపించవు. కంటికి కాస్త ఎత్తు దొరికితే ఎంత తేడా వస్తుందో చూశారా!

ఈ సంగతి మన రైతులకే కాదు, లోకంలో అందరికీ తెలుసు. అందుకే పిల్లలు తండ్రి భుజాలెక్కి రథోత్సవం చూస్తారు. అందుకే దూరదేశాలలో కొందరు తమ ఇంటి కప్పుమీదికే ఎక్కి వేడుకలు చూస్తారు. ఆ ఇల్లు మామూలు ఇల్లు కాదు. దానికి చక్రాలుంటాయి!

చక్రాలమీద ఇల్లు

అమెరికాలోనూ ఐరోపాలోనూ మోటారుహోం అనే బండ్లు చాలా ఉన్నవి. చూడటానికి బస్సులాగానో పెద్ద వ్యానులాగానో ఉంటుంది. లోపల పడకలు, పొయ్యి, నీళ్ళతొట్టి, చిన్న స్నానాలగది అన్నీ ఉంటాయి. సెలవులు వచ్చాయంటే ఇంటిల్లిపాదీ అందులో ఎక్కి బయలుదేరుతారు. ఎక్కడ ఆపితే అక్కడే ఇల్లు.

ఈ బండ్లు గుంపులు గుంపులుగా చేరే చోట్లు కొన్ని ఉన్నవి. ఫ్రాన్సు దేశంలో 1903లో మొదలైన సైకిలు పందెం ఒకటి ఉన్నది. దాని పేరు టూర్ ద ఫ్రాన్స్. ఆ పందెం కొన్ని సంవత్సరాలలో ఆల్ప్ దుయెజ్ అనే కొండ ఎక్కుతుంది. ఆ కొండదారిలో 21 పెద్ద మలుపులున్నవి. సైకిళ్ళు రావటానికి ఎన్నో రోజుల ముందే మోటారుహోంలు వచ్చి ఆ దారి పొడుగునా చోటు చూసుకుని నిలుస్తాయి. అమెరికాలో అలబామా రాష్ట్రంలో టాలడేగా అనే కార్ల పందెపు మైదానం 1969లో తెరిచారు. కార్లు తిరిగే బాట చుట్టుకొలత 2.66 మైళ్ళు. ఆ బాట లోపల ఉన్న విశాలమైన ఖాళీజాగాలో వందలకొద్దీ మోటారుహోంలు విడిది చేస్తాయి.

అక్కడ నేలమీద నిలబడి చూస్తే ఏం కనిపిస్తుంది? పక్క బండి, దాని వెనక ఇంకో బండి, మనుషుల తలలు! కార్లు పెద్ద హోరు చేస్తూ వస్తాయి, వెళ్ళిపోతాయి. చెవికి వినిపిస్తాయిగాని కంటికి చిక్కవు. అటువంటప్పుడు పది అడుగుల ఎత్తున సొంత బండి కప్పు ఖాళీగా ఉంటే, దానిమీద కూర్చుని చూద్దామని ఎవరికి తోచదు?

తోచటంలో తప్పు లేదు. అయితే ఎక్కబోయేముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. మంచెను కట్టినవాడు మనిషిని మొయ్యటానికి కట్టాడు. మరి బండి కప్పును చేసినవాడు ఎందుకు చేశాడు?

ఎండకూ వానకూ చేసిన కప్పు

మోటారుహోం కప్పు ఎండా వానా లోపలికి రాకుండా ఉండటానికి చేసినది. బండి తేలికగా ఉండాలి, లేకపోతే ఇంధనం ఎక్కువ తాగుతుంది, పైబరువు ఎక్కువై మలుపుల్లో ఒరుగుతుంది. అంచేత చాలా బండ్లకు కప్పు పలుచగా ఉంటుంది. కర్రతోగాని అల్యూమినియంతోగాని అడ్డపట్టీలు వేసి, మధ్య ఖాళీల్లో నురుగులాంటి తేలిక పదార్థం నింపుతారు. పైన అల్యూమినియం రేకో, గాజునారతో చేసిన పలకో, పలుచని రబ్బరుపొరో పరుస్తారు. అక్కడక్కడ గాలి రావటానికి కిటికీలు పెట్టి వాటికి ప్లాస్టిక్ మూతలు బిగిస్తారు. ఆ మూతమీద కాలు వేస్తే, కాలు తిన్నగా వంటగదిలోకి దిగుతుంది!

అన్ని కప్పులూ ఒకటి కావు. మనుషులు నడవటానికి తగినట్టు గట్టిగా చేసిన కప్పులూ ఉన్నవి. ఏ బండి ఎటువంటిదో పైకి చూస్తే తెలియదు. బండితోబాటు వచ్చే పుస్తకంలో కప్పు ఎంత బరువు మోస్తుందో, అసలు దానిమీదికి ఎక్కవచ్చునో లేదో రాసి ఉంటుంది. వెనక నిచ్చెన ఉన్నంత మాత్రాన కప్పుమీద నలుగురు కూర్చోవచ్చునని అనుకోకూడదు. ఆ నిచ్చెన ఒక్క మనిషి ఎక్కి కప్పు శుభ్రం చేసుకోవటానికో, చిల్లులు పూడ్చుకోవటానికో పెట్టినది కావచ్చు.

మన పల్లెల్లో పెంకుటింటిమీద పెంకులు సర్దే పనివాణ్ణి ఎప్పుడైనా గమనించారా? అతను ఎక్కడపడితే అక్కడ కాలు పెట్టడు. కింద వాసం ఉన్నచోట చూసి అడుగు వేస్తాడు. వాసంమీద పడ్డ బరువు దూలానికీ, దూలంనుంచి గోడకూ, గోడనుంచి నేలకూ చేరుతుంది. వాసం లేనిచోట పడ్డ బరువు పెంకుమీదే ఉండిపోతుంది. పెంకు పాపం ఏం చేస్తుంది? విరుగుతుంది. మోటారుహోం కప్పుకు కూడా ఇదే సూత్రం. బరువు అడ్డపట్టీలకు చేరాలి, అక్కడినుంచి గోడలకు చేరాలి.

ఇది మీరే ఇంట్లో చేసి చూడవచ్చు. ఒక గిన్నె తీసుకుని దాని మూతిమీద పాతకాగితం బిగువుగా పరిచి దారంతో కట్టండి. పెన్సిలు మొనతో కాగితం మధ్య నొక్కండి. ఇట్టే చిల్లుపడుతుంది. మళ్ళీ కొత్త కాగితం కట్టి, ఈసారి దానిమీద గిన్నె మూతికన్నా కాస్త పెద్దదైన గట్టి అట్టముక్క పెట్టి, అట్టమీద నొక్కండి. కాగితానికి ఏమీ కాదు. మీ బలం అట్టగుండా గిన్నె అంచుకు చేరింది, కాగితంమీద పడలేదు.

అందుకే తెలిసినవారు కప్పుమీద ఊరికే కుర్చీ వేసుకోరు. కుర్చీకి నాలుగు సన్నని కాళ్ళు. మనిషి బరువంతా ఆ నాలుగు చుక్కలమీదే పడుతుంది. అడ్డపట్టీలకూ గోడలకూ బరువు అందేట్టుగా చట్రం బిగించి, దానిమీద గట్టి బల్లలు పరిచి, చుట్టూ కటకటా పెట్టి, ఆ తరువాత కూర్చుంటారు. అప్పుడది కప్పు కాదు. నిజంగా మంచె!

ఫోటో కోసం ఒక మంచె

ఆన్సెల్ ఆడమ్స్ అనే అమెరికా ఫోటోగ్రాఫరు కొండల ఫోటోలు తియ్యటంలో చాలా పేరుపొందినవాడు. ఆయన పెద్ద కెమెరా నిలబెట్టుకోవటానికి తన కారుమీద ప్రత్యేకంగా ఒక వేదిక అమర్చుకున్నాడు. 1944 చలికాలంలో ఆయన కాలిఫోర్నియాలోని లోన్ పైన్ అనే ఊరి దగ్గర, మంచుకొండలమీద తొలికిరణాలు పడే దృశ్యాన్ని తియ్యాలని వెళ్ళాడు. వరసగా నాలుగు రోజులు మబ్బులు అడ్డుపడ్డాయి. అయిదో రోజు ఇంకా చీకటి ఉండగానే వెళ్ళి, కారుమీది వేదికపైన కెమెరా నిలబెట్టాడు. విపరీతమైన చలి. ఆయన ఏం చేశాడనుకున్నారు? కిందికి దిగి, కారులో భార్య వర్జీనియా పక్కన వెచ్చగా కూర్చున్నాడు! తెల్లవారబోతున్నదని తెలిశాక మళ్ళీ పైకెక్కి, పచ్చికమీద ఎండ పడేదాకా కాచుకుని ఫోటో తీశాడు. ఆ ఫోటో లోకప్రసిద్ధమైంది.

ఇందులో రెండు సంగతులున్నవి. ఒకటి, ఆయన కారు కప్పుమీద నిలబడలేదు. పనికి తగిన వేదిక అమర్చుకుని దానిమీద నిలబడ్డాడు. రెండు, పని ఉన్నప్పుడే పైన ఉన్నాడు, పని లేనప్పుడు దిగివచ్చాడు. చలికి కొంకర్లుపోయిన చేతులతో ఎత్తున నిలబడటం మంచిది కాదు.

1960లో జరిగిన సంగతి

మంచె కట్టినంత మాత్రాన సరిపోతుందా? సరిపోదని చెప్పే ఒక విషాదకరమైన సంఘటన ఉన్నది.

అమెరికాలోని ఇండియానాపొలిస్ నగరంలో 1911నుంచి 500 మైళ్ళ కారు పందెం జరుగుతున్నది. ఆ మైదానం లోపలి ఖాళీజాగాలో కొందరు సొంతంగా మంచెలు కట్టి, పందెం చూడటం ఒకప్పుడు అలవాటుగా ఉండేది. 1960 మే 30న అటువంటి మంచె ఒకటి సుమారు 30 అడుగుల ఎత్తున లేచింది. దాన్ని ఒక చిన్న లారీకి కట్టి నిలబెట్టారు. డబ్బు తీసుకుని నూరుమందికి పైగా జనాన్ని దానిమీదికి ఎక్కించారు.

పందెం మొదలయ్యేముందు కార్లన్నీ వరసలు తీరి మెల్లగా ఒకసారి చుట్టు తిరుగుతాయి. ఆ కార్లు దగ్గరికి రాగానే పైనున్నవాళ్ళంతా ఉత్సాహంగా వాటివైపు వంగారు, చేతులు ఊపారు. మంచె కూడా వాళ్ళతోబాటే ఆ వైపుకు ఒరిగింది. ఒరిగి కూలిపోయింది. ఇద్దరు చనిపోయారు. పదులకొద్దీ మందికి దెబ్బలు తగిలాయి. ఆ తరువాత ఆ మైదానంలో అటువంటి సొంత మంచెలను నిషేధించారు.

ఆ జనంలో ఒక్కరూ తప్పు చెయ్యాలని చెయ్యలేదు. కారు వచ్చింది, చూద్దామని వంగారు. అంతే. మీరైనా వంగుతారు, నేనైనా వంగుతాను. అందుకే పైకి ఎక్కకముందే ఆ మాట ఆలోచించుకోవాలి.

ఎందుకు ఒరిగింది?

ప్రతి వస్తువుకూ దాని బరువంతా ఒక్కచోట కూడినట్టుగా ఉండే ఒక బిందువు ఉంటుంది. దాన్ని గరిమనాభి అంటారు. ఆ బిందువునుంచి నేలకు ఒక దారం వేలాడదీస్తే, అది వస్తువు పీటభాగం లోపల పడినంతసేపూ వస్తువు నిలబడుతుంది. దారం పీటను దాటి బయట పడితే వస్తువు పడిపోతుంది.

చెప్పుల అట్టపెట్టె ఒకటి తీసుకుని నిలువుగా నిలబెట్టండి. దాన్ని వేలితో మెల్లగా ఒరగదొయ్యండి. కొంతదాకా ఒరిగి, వేలు తీస్తే మళ్ళీ నిలబడుతుంది. ఇప్పుడు పెట్టెమీద ఒక అంచున చిన్న రాయి పెట్టి, జారకుండా జిగురుకాగితంతో అంటించి, ఆ అంచువైపుకే ఒరగదొయ్యండి. ఈసారి ఇంతకుముందుకన్నా తొందరగా పడిపోతుంది. రాయివల్ల గరిమనాభి పైకి వెళ్ళింది, పక్కకు కూడా జరిగింది. 30 అడుగుల మంచెమీద జనం ఒకవైపుకు వంగినప్పుడు జరిగింది ఇదే.

మోటారుహోం అంత తేలికగా బోర్లాపడదు. దాని ఎత్తు తక్కువ, బరువు ఎక్కువ. ఐరోపాలో చాలా మోటారుహోంలు సామానుతోసహా 3,500 కిలోలదాకా తూగుతాయి. పైన నలుగురు మనుషులు కూర్చుంటే ఆ బరువు 250 కిలోలు ఉండవచ్చు. కాని బండి స్ప్రింగులమీద ఉంటుందని మరిచిపోకండి. నలుగురూ ఒక పక్కకు జరిగితే బండి ఆ పక్కకు వాలుతుంది, గెంతితే ఊగుతుంది. కింద ఉన్నవాడికి ఆ ఊగటం తెలియను కూడా తెలియదు. పైన అంచు దగ్గర నిలబడ్డవాడికి మాత్రం కాలు తడబడటానికి అదే చాలు. డాబామీద పిట్టగోడ ఉంటుంది. బండి కప్పుకు పిట్టగోడ ఎక్కడిది?

పది అడుగుల ఎత్తునుంచి పడిన మనిషి నేలను చేరటానికి ముప్పాతిక సెకనుకన్నా కాస్త ఎక్కువ పడుతుంది. అప్పటికి అతని వేగం గంటకు సుమారు 28 కిలోమీటర్లు. పరుగెత్తే సైకిలు గోడకు గుద్దుకున్నట్టే. అయ్యో అనుకోవటానికి కూడా వ్యవధి ఉండదు.

ఎక్కదలచినవారికి

అయితే ఎక్కనే వద్దా? పెద్దవాళ్ళు అన్నీ సరిచూసి, పిల్లలు చెప్పినమాట వింటే ఎక్కవచ్చు. సరిచూడవలసినవి ఇవీ.

మొట్టమొదట, ఆ మైదానంవారి నియమాలు అడగాలి. కప్పుమీద మనుషులు ఎక్కకూడదని నియమం ఉంటే ఇక మాట లేదు. తరువాత బండి పుస్తకం చూడాలి. కప్పు ఎంత మోస్తుందో, నిచ్చెన ఎంత మోస్తుందో తెలుసుకుని, ఎక్కేవారి బరువులు కూడాలి. కుర్చీలూ మంచినీళ్ళ డబ్బాలూ కూడా ఆ లెక్కలోవే. కూడికకు సరిగ్గా సరిపోతే చాలదు, ఇంకా కొంత మిగలాలి. ఎందుకంటే కదిలే మనిషి తన బరువుకన్నా ఎక్కువగా నొక్కుతాడు.

బండిని చదునైన గట్టి నేలమీద నిలపాలి. చేతిబ్రేకు వేసి, చక్రాలకు దిమ్మలు పెట్టాలి. ఊగకుండా కింద ఆనించే జాకీలుంటే దించాలి. పైన ఎవరైనా ఉండగా బండి ఒక్క అడుగు కూడా కదలకూడదు.

తల ఎత్తి కరెంటు తీగలున్నాయేమో చూడాలి. బండి ఎత్తు, మనిషి ఎత్తు, పైకి చాచిన చెయ్యి అన్నీ కలిస్తే ఇరవై అడుగులకు దగ్గరపడవచ్చు. జెండా కర్ర పట్టుకుంటే ఇంకా ఎక్కువ. తీగలు దగ్గరలో ఉంటే ఆ చోటు మనది కాదు.

నిచ్చెనకు ఎదురుగా తిరిగి ఎక్కాలి, అలాగే దిగాలి. రెండు చేతులు, ఒక కాలు. లేదా రెండు కాళ్ళు, ఒక చెయ్యి: ఈ మూడూ ఎప్పుడూ నిచ్చెనను పట్టుకుని ఉండాలి. అంచేత చేతిలో ఏదీ ఉండకూడదు. సామాను సంచిలో పెట్టి తాడుతో పైకి లాగాలి. నిచ్చెనమీద ఒక్కసారి ఒక్కరే. చెప్పులు వదులుగా ఉంటే జారుతాయి.

పైన కటకటా లేకపోతే పిల్లలు ఎక్కనే కూడదు. అమెరికాలో ఎత్తున పనిచేసేవారి భద్రతకు కటకటా 42 అంగుళాల ఎత్తున ఉండాలని నియమం పెట్టారు. అంటే సుమారు పెద్దవాళ్ళ నడుము ఎత్తు. మధ్యలో ఇంకో కమ్మీ ఉండాలి, లేకపోతే చిన్నపిల్లలు దానికింది సందులోంచి జారిపోతారు. కటకటా ఉన్నా కూర్చునే చూడాలి. మనవాళ్ళు గెలిచినప్పుడు గెంతాలనిపిస్తుంది. ఆ గెంతేది కిందికి దిగివచ్చి గెంతాలి!

తెల్లవారుజామున మంచు కురిస్తే కప్పు నూనె రాసినట్టు జారుతుంది. గాలి లేస్తే గొడుగు మనిషిని లాగుతుంది. దూరాన ఉరుము వినిపిస్తే, వాన పడేదాకా ఆగకుండా వెంటనే దిగాలి. రబ్బరు చక్రాలున్నవి కాబట్టి పిడుగు ఏమీ చెయ్యదని కొందరు అంటారు. అది నిజం కాదు. మైళ్ళ దూరం గాలిని చీల్చుకుని వచ్చే పిడుగుకు జానెడు రబ్బరు ఒక లెక్కా? తలుపులు మూసిన ఇనుపబండి లోపల ఉన్నవారిని కాపాడేది చుట్టూ ఉన్న లోహమే. పైన కూర్చున్నవారికి ఆ రక్షణ ఏమీ ఉండదు. గాజునార పలకలతో కట్టిన మోటారుహోంలో లోపల ఉన్నవారికి కూడా అంత రక్షణ ఉండదు, అందువల్ల దగ్గరలో ఉన్న గట్టి కట్టడంలోకి చేరటం మంచిది.

మన దగ్గర మోటారుహోంలు తక్కువే. కాని తిరునాళ్ళలో లారీ మీదా, ట్రాక్టరు మీదా, రేకుల పాక మీదా ఎక్కి చూసేవాళ్ళకు తక్కువ లేదు. దూలానికీ గరిమనాభికీ కరెంటు తీగకూ దేశాల తేడా తెలియదు.

ఒక చిన్న లెక్క

చివరకు ఒక లెక్క ఇస్తాను, చేసి చూడండి. సముద్రపు ఒడ్డున మన కంటి ఎత్తును బట్టి ఆకాశమూ నీళ్ళూ కలిసే గీత ఎంత దూరాన ఉంటుందో తెలుసుకోవచ్చు. కంటి ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే ఆ దూరం కిలోమీటర్లలో వస్తుంది. నేలమీద కుర్చీలో కూర్చున్న కుర్రవాడి కన్ను సుమారు 1 మీటరు ఎత్తున ఉంటుంది. వాడికి గీత 3.57 కిలోమీటర్ల దూరాన కనిపిస్తుంది. అదే కుర్చీని 3 మీటర్ల ఎత్తున్న మంచెమీద వేస్తే కన్ను 4 మీటర్ల ఎత్తున ఉంటుంది. 4కు వర్గమూలం 2. అంటే గీత 7.14 కిలోమీటర్ల దూరానికి వెళ్ళింది, సరిగ్గా రెండింతలు!

మరి మూడింతల దూరం చూడాలంటే కన్ను ఎంత ఎత్తున ఉండాలి? కాగితంమీద చేసుకోండి, తరువాత కింది మాట చదవండి.

9 మీటర్లు. అంటే సుమారు 30 అడుగులు. 1960లో ఆ లారీకి కట్టి నిలబెట్టిన మంచె ఎత్తు కూడా అంతే.